కట్టడం ఒక్కటే చదివితే చాలా?

మీ ఇంట్లో ఎప్పుడైనా పాత నగలు చెరిపించి కొత్తవి చేయించడం చూశారా? అమ్మమ్మ నాటి తెగిపోయిన గొలుసు కంసాలి దగ్గరకు వెళుతుంది. ఆయన దాన్ని మూసలో వేసి కరిగిస్తాడు. వారం తిరిగేసరికి అదే బంగారం అక్క చెవులకు జూకాలై వస్తుంది. చూసినవాళ్ళందరూ జూకాలను మెచ్చుకుంటారు. గొలుసును కరిగించిన మూస గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. కాని ఆ కరిగించడమే లేకపోతే జూకాలు ఎక్కడ నుంచి వచ్చేవి?

మన సైన్సు పాఠాల్లో కూడా సరిగ్గా ఇదే జరుగుతోందని నా అభిప్రాయం. జీవకణం మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను, ఎలా తయారు చేస్తుందో మనం చదువుతాం. డి.ఎన్.ఎ.లో రాసి ఉన్న సమాచారాన్ని ఆర్.ఎన్.ఎ. మోసుకు వస్తుంది. రైబోజోములు దాన్ని చదివి, ఎమైనో ఆమ్లాలను ఒకదాని పక్కన ఒకటి పూసల్లా గుచ్చి, మాంసకృత్తి అనే దండ తయారు చేస్తాయి. బాగుంది. మరి తయారైన ఆ దండ చివరకు ఏమవుతుంది? దాని పని అయిపోయాక ఎక్కడికి పోతుంది? దాన్ని గుచ్చడంలోనే పొరపాటు జరిగితే ఎవరు పట్టుకుంటారు?

మీ జీవశాస్త్రం పుస్తకం ఒకసారి తెరవండి. మాంసకృత్తుల తయారీ గురించి ఎన్ని పంక్తులున్నాయో, వాటిని విడగొట్టడం గురించి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. రెండో లెక్కకు మీ చేతి వేళ్ళే సరిపోతే నాకు ఆశ్చర్యం లేదు. ఇది చిన్న లోపం కాదనీ, దీన్ని సరిదిద్దుకోవాలనీ చెప్పడానికే ఈ వ్యాసం.

శరీరం ఇల్లు కాదు, ఏరు

ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కూడా శరీరాన్ని ఇంటిలాంటిది అనుకునేవారు. పెరిగే వయసులో ఇల్లు కడతాం, ఆ తరువాత అక్కడక్కడ సున్నం వేస్తాం, తిన్న తిండిలో ఎక్కువ భాగం పొయ్యిలో కట్టెల్లా ఖర్చవుతుంది అని వాళ్ళ భావన. ఈ భావనను తలకిందులు చేసినవాడు రుడాల్ఫ్ షోన్‌హైమర్. ఆయన జర్మనీలో పుట్టి, 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చిన తరువాత అమెరికా వెళ్ళి, కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన నత్రజని పరమాణువులున్న ఎమైనో ఆమ్లాలను తయారు చేసి ఆయన ఎలుకలకు తినిపించాడు. బరువైన నత్రజని ఎక్కడుంటే ఆ ఎమైనో ఆమ్లం అక్కడికి చేరినట్టే కదా! ఒక విధంగా అది గుర్తు పెట్టిన నాణెం లాంటిది.

ఎలుకల వయసు పెరిగే వయసు కాదు. కాబట్టి తిన్నదంతా ఖర్చయి, గుర్తు పెట్టిన నత్రజని మూత్రంలో వెళ్ళిపోవాలి. కాని అలా జరగలేదు. అందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే ఎలుక శరీరంలోని మాంసకృత్తుల్లో చేరిపోయింది! ఎలుక బరువు మాత్రం పెరగలేదు. అంటే ఏమిటి? కొత్త పూసలు వచ్చి చేరాయంటే పాత పూసలు బయటికి పోయి ఉండాలి. శరీరం కట్టి వదిలేసిన ఇల్లు కాదు. అది ఏరు లాంటిది. చూడటానికి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది గాని, అందులో నీరు నిమిషనిమిషానికీ మారిపోతూనే ఉంటుంది.

ఈ ఏరు ఎంత పెద్దదో తెలుసా? పెద్దవాళ్ళ శరీరంలో రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల మాంసకృత్తులు విడిపోయి, అంతే మొత్తం మళ్ళీ తయారవుతాయి. కాని మనం రోజూ తినే మాంసకృత్తులు సాధారణంగా 100 గ్రాములకు మించవు. మిగతా సరుకు ఎక్కడిది? అమ్మమ్మ గొలుసు బంగారమే! విడగొట్టిన పాత దండల పూసలతోనే కణాలు కొత్త దండలు గుచ్చుకుంటున్నాయి.

అన్ని మాంసకృత్తుల ఆయుష్షూ ఒకటి కాదు. మన కంటి కటకంలోని కొన్ని మాంసకృత్తులు మనం పుట్టినప్పటి నుంచీ మనతోనే ఉంటాయి. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్ ఆ కణం బతికినన్నాళ్ళూ, అంటే సుమారు 120 రోజులు ఉంటుంది. ఎలుక కాలేయంలోని ఒక ఎంజైము అయితే ఇరవై నిమిషాలైనా గడవకముందే సగానికి సగం మాయమవుతుంది. అంటే విడగొట్టడం గుడ్డిగా జరిగే పని కాదన్నమాట. ఎవరిని, ఎప్పుడు అన్న లెక్క ఏదో ఉంది.

బొప్పాయి ముక్క చెప్పే పాఠం

మాంసం త్వరగా మెత్తబడాలంటే వంటవాళ్ళు పచ్చి బొప్పాయి ముక్క వేస్తారు. బొప్పాయి పాలల్లో పెపైన్ అనే ఎంజైము ఉంది. మాంసకృత్తుల దండలను అది కత్తిరిస్తుంది. మన కడుపులో జరిగేదీ అలాంటి పనే.

ఇప్పుడు ఆలోచించండి. ఇలాంటి కత్తెరలు జీవకణం లోపల స్వేచ్ఛగా తిరుగుతుంటే ఏమవుతుంది? పనికిరానిదీ పనికొచ్చేదీ అన్న తేడా లేకుండా కనిపించినదల్లా కత్తిరిస్తాయి. కణం తనను తానే జీర్ణం చేసుకుంటుంది. కాబట్టి కత్తెరలు ఉండాలి, కాని కట్టుబాటులో ఉండాలి.

దీనికి మొదట దొరికిన సమాధానం లైసోజోము. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ దాన్ని గుర్తించాడు. అది కత్తెరలు నింపిన సంచి. ఇక సమస్య తీరినట్టే అనుకున్నారు చాలామంది. కాని ఒక చిక్కు మిగిలిపోయింది. కణంలో మాంసకృత్తులు విడిపోవడానికి శక్తి ఖర్చవుతోందని 1953లోనే తేలింది. పెపైన్‌కు శక్తి అక్కర్లేదు, కడుపులోని ఎంజైములకూ అక్కర్లేదు. కొండ మీది నుంచి రాయి దొర్లించడానికి ఎడ్లబండి ఎందుకు? పైగా 1977లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్, జోసెఫ్ ఎట్లింగర్ లైసోజోములు లేని లేత ఎర్ర రక్తకణాల రసం తీసి చూశారు. తేడాగా తయారైన మాంసకృత్తులు అందులోనూ విడిపోతున్నాయి. కాకపోతే ఎ.టి.పి. కలిపితేనే ఆ పని జోరుగా సాగుతోంది.

ఎ.టి.పి. అంటే కణాలు వాడుకునే శక్తి నాణెం. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి దాన్ని కనుగొన్నవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

శక్తి ఎందుకు ఖర్చవుతోందన్న ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని వదలనివారు ఇజ్రాయెల్‌లోని హైఫాలో అవ్రాం హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరన్ సికనోవర్, ఫిలడెల్ఫియాలో అర్విన్ రోజ్. జవాబు 1980 నాటికి స్పష్టమైంది. విడగొట్టవలసిన మాంసకృత్తికి కణం ముందుగా ఒక చీటీ అంటిస్తుంది. ఆ చీటీ కూడా ఒక చిన్న మాంసకృత్తే. దాని పేరు యుబిక్విటిన్, దానిలో పూసలు 76. చీటీ అంటించడానికి శక్తి కావాలి. ఎవరికి అంటించాలో ఎంచే ఎంజైములు మన కణాల్లో ఆరు వందల రకాలకు పైగా ఉన్నాయి. సాధారణంగా నాలుగైనా చీటీలు గొలుసుకట్టుగా అంటించాకే ఆ మాంసకృత్తికి కాలం తీరినట్టు. ఈ ముగ్గురికీ 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పట్లో ఎక్కువమంది శాస్త్రజ్ఞులు మాంసకృత్తుల తయారీ వెంట పడ్డారు. ఈ ముగ్గురూ ఎవరూ పట్టించుకోని వీధిలో నడిచారు.

పీపా లోపలి కత్తులు

చీటీ అంటిన మాంసకృత్తి వెళ్ళే చోటే ప్రోటియాజోము. ఈ పేరు 1988లో పెట్టారు. ఇది పీపా ఆకారంలో ఉంటుంది. పొడవు సుమారు 15 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవున వీటిని వరసగా పేర్చాలంటే అరవై వేలకు పైగా కావాలి. అంత చిన్నది!

పీపాను నాలుగు కంకణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారనుకోండి. ఒక్కొక్క కంకణంలో ఏడేసి భాగాలు, మొత్తం 28. పైదీ కిందదీ ఆల్ఫా కంకణాలు. ఇవి ద్వారపాలకులు. లోపలి రెండూ బీటా కంకణాలు. కత్తులు వీటిలో ఉన్నాయి, అవి కూడా లోపలి వైపు తిరిగి ఉన్నాయి. ద్వారం ఎంత ఇరుకంటే ఉండలా చుట్టుకుని ఉన్న మాంసకృత్తి అందులో దూరలేదు. పీపా మూతి మీద మరో పెద్ద మూత కూర్చుని ఉంటుంది. అది చీటీలను గుర్తుపట్టి, వాటిని ఊడదీసి మళ్ళీ వాడకానికి పంపుతుంది. ఎ.టి.పి. ఖర్చు చేసి మాంసకృత్తి ఉండను విప్పి, దారంలా లోపలికి తోస్తుంది. లోపల అది చిన్న చిన్న తునకలవుతుంది. బయటికి వచ్చిన తునకలను వేరే ఎంజైములు విడివిడి పూసలుగా చేస్తాయి. పెపైన్‌కు అక్కర్లేని శక్తి ఇక్కడ ఎందుకో చూశారా? కత్తిరించడానికి కాదు. ఎవరిని కత్తిరించాలో ఎంచడానికి, ఆ ఎంచుకున్నదాన్ని విప్పి లోపలికి పంపడానికి!

ఒర తీసిన కత్తి

ఇప్పుడు ఒక్క భాగాన్ని దగ్గరగా చూద్దాం. మన 14వ క్రోమోజోము మీద ఒక జన్యువు ఉంది. దాని పేరు పి.ఎస్.ఎం.బి.5. పేరు మోటారుబండి నంబరులా ఉంది కదూ! ప్రోటియాజోములోని బీటా-5 అనే భాగాన్ని తయారు చేసే సమాచారం ఈ జన్యువులో ఉంది. బీటా కంకణంలోని ఏడు భాగాల్లో కత్తి పని చేసేవి మూడే: బీటా-1, బీటా-2, బీటా-5. ఒక్కొక్కదానికి ఒక్కో రకం పూస దగ్గర కత్తిరించడం అలవాటు. నీటిని ఇష్టపడని, జిడ్డు స్వభావం గల పెద్ద పూసల తరువాత కత్తిరించడం బీటా-5 ప్రత్యేకత.

ఈ జన్యువు ప్రకారం తయారయ్యే దండలో మొదట 263 పూసలుంటాయి. కాని పనిచేసే బీటా-5లో ఉండేవి 204 మాత్రమే. మొదటి 59 ఏమయ్యాయి? అవి కత్తికి ఒర లాంటివి. కత్తి మొన త్రియోనిన్ అనే పూస. దండలో అది 60వది. పీపా సగం సగంగా తయారై, రెండు సగాలు కలిసి కత్తులన్నీ లోపల భద్రంగా చేరేదాకా ఆ 59 పూసలు మొనను కప్పి ఉంచుతాయి. పీపా మూసుకున్నాక బీటా-5 తన ఒరను తానే కత్తిరించుకుంటుంది. అప్పుడు ఆ త్రియోనిన్ మొదటి పూసై పనికి సిద్ధమవుతుంది. పదునైన కత్తిని ఒరలో పెట్టి ఇచ్చే జాగ్రత్త మనకు ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పుతారు. కణానికి ఆ జాగ్రత్తను నేర్పింది కోట్ల సంవత్సరాల పరిణామం.

ఈ జన్యువుకు ఈస్టులో కూడా జ్ఞాతి ఉంది. దాన్ని పూర్తిగా తీసేస్తే ఈస్టు బతకలేదు. కత్తిరించే పని అంత ముఖ్యమైనది.

అలాగని దీన్ని 'మాంసకృత్తులను విడగొట్టే జన్యువు' అనవచ్చా? అనకూడదని నేనంటాను. బీటా-5 ఒంటరిగా ఉంటే ఒర కూడా సరిగా తీసుకోలేదు. ఇరుగుపొరుగు భాగాలు తోడుంటేనే అది కత్తి అవుతుంది. పీపాకు 14 రకాల భాగాలు, మూతకు మరికొన్ని, అన్నీ కలిపి ముప్పైకి పైగా జన్యువులు చేయి కలిపితేనే ఒక ప్రోటియాజోము. 'ఫలానా గుణానికి ఫలానా జన్యువు' అని పేపర్లలో చదివినప్పుడు మీరు ఈ పీపాను గుర్తు చేసుకోవాలి. చాలాసార్లు జన్యువు ఒక పని కాదు, ఒక పనిలో ఒక వాటా.

చెత్తబుట్ట అంటే నేనొప్పుకోను

కొందరు ప్రోటియాజోమును 'కణపు చెత్తబుట్ట' అంటారు. ఆ మాట సగమే నిజం. పాడైనవాటినే కాదు, ఏ లోపమూ లేనివాటిని కూడా అది విడగొడుతుంది. ఎందుకంటే వాటి సమయం అయిపోయింది గనుక.

1982 వేసవిలో అమెరికాలోని వుడ్స్ హోల్‌లో టిమ్ హంట్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు, ముళ్ళబంతిలా ఉండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్లను పరిశీలిస్తున్నాడు. ఒక మాంసకృత్తి మెల్లగా పోగవుతోంది, కణం విభజన చెందే వేళకు ఒక్కసారిగా మాయమవుతోంది, మళ్ళీ పోగవుతోంది. దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. దాన్ని మాయం చేసేది యుబిక్విటిన్ చీటీ, ప్రోటియాజోమేనని తరువాత తెలిసింది. సైక్లిన్ పోకపోతే కణం విభజనను సరిగా ముగించలేదు. ఒక్క కణంగా మొదలైన మీరు ఇంతవారయ్యారంటే, ఎన్ని కోట్లసార్లు సైక్లిన్ సరైన వేళకు మాయమైందో ఊహించుకోండి. బడిగంట మోగితేనే కాదు, ఆగితేనే పాఠం సాగుతుంది. ఆపడం కూడా పనే.

మన ఒంట్లోకి వైరస్ వచ్చినప్పుడు మరొక వింత. అప్పుడు వెలువడే సంకేతాలకు స్పందించి కణాలు బీటా-5 స్థానంలో దాని తోబుట్టువు లాంటి మరో భాగాన్ని పెట్టి కొత్త పీపాలు కడతాయి. దాని జన్యువు 6వ క్రోమోజోము మీద ఉంది. వైరస్ మాంసకృత్తులను ఈ పీపాలు కత్తిరించగా వచ్చే తునకలు, కణం పైభాగాన ప్రదర్శించడానికి బాగా అమరుతాయి. రక్షక కణాలు వాటిని చూసి శత్రువు లోపలున్నాడని గుర్తుపడతాయి. చెత్తబుట్ట ఎక్కడైనా దొంగను పట్టిస్తుందా?

జ్ఞానం మందుగా మారితే

'ఇదంతా తెలిసి ఏం లాభం?' అనేవారికి ఒక సంగతి చెబుతాను. ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకు మల్టిపుల్ మైలోమా అనే కాన్సర్ వస్తుంది. ప్లాస్మా కణాల వృత్తి ప్రతిరక్షకాలు అనే మాంసకృత్తులను కుప్పలుగా తయారు చేయడం. అంత తయారీ ఉన్నచోట చెడిపోయిన సరుకూ ఎక్కువే. కాబట్టి ఈ కణాలకు ప్రోటియాజోము అవసరం మరీ ఎక్కువ. ఆ పీపాను కొంతసేపు మూసివేస్తే? లోపల సరుకు పేరుకుపోయి ఈ కణాలు మిగతా కణాల కన్నా ముందు చనిపోతాయి.

బోర్టెజోమిబ్ అనే మందు చేసేది ఇదే. అందులో ఉన్న బోరాన్ పరమాణువు ముఖ్యంగా బీటా-5లోని ఆ త్రియోనిన్‌ను, అంటే మన కత్తి మొననే పట్టుకుంటుంది. 2003లో అమెరికాలో దీని వాడకానికి అనుమతి లభించింది. ఎంతోమంది రోగుల ఆయుష్షును ఇది పెంచింది. అయితే ఇది మంత్రం కాదు. ఆరోగ్యంగా ఉన్న కణాలకూ ప్రోటియాజోము కావాలి కదా! అందుకే ఈ మందు వాడినవారిలో కొందరికి కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి నొప్పి పుడుతుంది. వ్యాధి తిరగబెట్టడమూ ఉంది. మందుకు లొంగని కాన్సర్ కణాలను ప్రయోగశాలలో పెంచి 2008లో పరిశీలిస్తే, పి.ఎస్.ఎం.బి.5 జన్యువులో మార్పు కనిపించింది. బీటా-5లో 49వ పూస మారిపోయింది. 204లో ఒక్క పూస! దానితో మందు పట్టు సడలింది.

ఈ మందు ఎక్కడ మొదలైంది? కాన్సర్ మందు కోసం వెతికినచోట కాదు. 'కత్తిరించడానికి శక్తి ఎందుకు?' అని ఎవరో అడిగినచోట.

ఇంతకీ నేను అడిగేదేమిటి?

'పిల్లలకు ఇప్పటికే పుస్తకాల మోత ఎక్కువ, ఇంకో పాఠం కూడానా?' అని మీ మాస్టారు అనవచ్చు. ఆయన మాటలో న్యాయముంది. యుబిక్విటిన్, త్రియోనిన్ అని మీరు బట్టీ పట్టాలని నేను కోరడం లేదు. పి.ఎస్.ఎం.బి.5 పేరు రేపు మరిచిపోయినా ఏమీ నష్టం లేదు. నేను కోరేది ఒక్క ప్రశ్న. దేని తయారీ గురించి పాఠం వచ్చినా, దాని చివర 'ఇది ఎంతకాలం ఉంటుంది? ఎవరు, ఎలా తీసేస్తారు?' అనే ప్రశ్న ఉండాలి. దీనికి అదనంగా ఒక పేజీ కూడా అక్కర్లేదు. కాని ఆ ప్రశ్న లేకపోతే మీరు కణాన్ని ఒక ఫ్యాక్టరీలా మాత్రమే చూస్తారు. సరుకు తయారై వస్తూనే ఉంటుంది, ఎక్కడికి పోతుందో తెలియదు. అలాంటి ఫ్యాక్టరీ వారం రోజులైనా నడవదు, తన సరుకు కిందే పూడిపోతుంది.

పుస్తకాలు మారేదాకా మీరు ఆగనక్కర్లేదు. రేపు తరగతిలో మాంసకృత్తుల తయారీ పాఠం అయ్యాక లేచి నిలబడి అడగండి: 'మాస్టారూ, తరువాత వాటికి ఏమవుతుందండీ?' జవాబు వెంటనే రాకపోవచ్చు. ఫరవాలేదు, ఇద్దరూ కలిసి వెతకండి. హైఫాలోనూ ఫిలడెల్ఫియాలోనూ ఆ ముగ్గురు చేసింది కూడా ఆ ప్రశ్నను వదలకపోవడమే.